మూడు వరసల మచ్చలు

అక్క కుడిచేతి వేళ్లు రెండు, వైద్యానికి అమ్మిన పాడి ఆవు, వరినాట్లు ఊడ్చకుండా బీడు పడ్డ ఎకరం. బావ ఒక్క మాటకు ఆ ఇంట్లో పోయినవి ఇవి.

ఏ పాము కనిపించినా ఆయన అరుగు దిగడు. చుట్ట చివరతో చూపించి పేరు చెప్పేస్తాడు. ఆ రోజు కట్టెల దగ్గరి పామును చూసి, "ఒసే, కొండసిలవ పిల్లే! సీపురుతో తోసీ" అన్నాడు. అక్క తోసింది. అది కాటేసింది.

పక్కింటివాళ్లు చంపిన పాము వీపు మీద గుండ్రటి మచ్చలు లెక్కపెట్టాను. మూడు వరసలు. రక్తపింజరి.

"దిగొచ్చి సూడు బావా!" అని అరిచాను.

"సూసీదేటి? కొండసిలవే."

ఇప్పుడు అక్క అన్నం పెడితే, "ఎడంసేత్తో వడ్డిస్తావేటే?" అని కసురుతాడు.

ఆయన అక్కకు చెప్పవలసింది ఒక్కటే మాట, పొరపడ్డానని. ఆ ఒక్కటీ ఇంకా బాకీ.