లచ్చి ముంగాలు

మా నాన్న అప్పలస్వామికి కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ముప్పై అయిదేళ్లు రైలు చక్రాలను సుత్తితో తట్టి, మోత విని పగులు పసిగట్టిన మనిషి. ఎవరైనా నసిగితే భరించలేడు. రిటైరయ్యాక ఈ హిందీ ఊరి శివార్లలో, లింగియాడీహ్‌లో ఇల్లు కట్టి, లచ్చి అనే ఆవును తెచ్చుకున్నాడు. మాతో కంటే దాంతోనే ఎక్కువ తెలుగు మాట్లాడతాడు.

మొన్న మోకాలి ఆపరేషనయ్యి ఊరికి ఇవతల కుదుదండ్‌లో మా ఇంట్లో మంచమెక్కాడు. లచ్చిని చూసుకోమని మా అమ్మాయి ప్రత్యూషను అక్కడికి పంపాం. మూడోరోజు పొద్దున్నే అది వీడియో కాల్ చేసింది.

"తాతా, లచ్చి పైర్ మే దర్ద్ హై. నిన్న డాక్టర్ సూది వేశాడు, ఫాయిదా లేదు. మేత ముట్టట్లేదు."

"ఏ కాలే? ముంగాలా, ఎనకకాలా?"

"ముంగాలు అంటే?"

"మనిసికి ముంజెయ్యి, పశువుకి ముంగాలు! ముందుండే కాలు! ఏటి సదువే ఇది? నొప్పి జబ్బలోనా, గిట్టలోనా? ఆ డాక్టరికి ఏటని సెప్పావు?"

"ముందు కాలే. పైర్ అన్నానంతే."

నాన్న ఫోన్ పరుపు మీద గిరాటేశాడు. నాకు ఒళ్లు మండింది. బళ్లో వెనకబడుతుంది, పిల్లతో హిందీయే మాట్లాడండని హుకుం వేసింది ఈయనే. ఆ మాటే అనేశాను.

వద్దంటున్నా నాన్న లేచి, మంచం పట్టె మీద రెండు చేతులూ ఆనించి, కట్టు కాలు పైకెత్తి పశువులా వంగాడు. కాల్ ఇంకా నడుస్తున్న ఫోన్ నన్ను పట్టుకోమన్నాడు.

"సూడమ్మా. నీ మణికట్టే దానికి ముంగాలి మోకాలు. నీ గోళ్లే దాని గిట్టలు. రెండు గిట్టల సందున ఏలెట్టి సూడు."

వేలు తగలగానే లచ్చి ఒక్కసారి కాలు విదిల్చింది. ప్రత్యూష కేక పెట్టింది. "తాతా, ఇనుప తీగ! నికల్ గయా, వచ్చేసింది!"

నాన్న మంచం మీద కూలబడి ఏడ్చేశాడు. డాక్టరుని మళ్లీ పిలిచి పుండు చూపించమన్నాడు.

"అచ్ఛా తాతా," అంది ప్రత్యూష, "గిట్టల మధ్య ఈ మెత్తటి చోటుని ఏటంటారు? డాక్టరికి చూపిస్తాలే, పేరు నాకు కావాలి. రాసుకుంటాను."

నాన్న నోరు తెరిచాడు. "దాన్ని... మా అయ్య ఓ మాట అనేవోడు..." నుదురు కొట్టుకున్నాడు. ఆ మాట గుర్తురాలేదు. "ఎవురికి ఫోన్ సెయ్యాలే?" అని నా మీద అరిచాడు.

నా ఫోన్‌లో పేర్లన్నీ వెతికాను. ఆ మాట తెలిసినవాళ్లు ఒక్కరూ తగల్లేదు. అవతల ప్రత్యూష పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.