తెల్ల పడుగు

మేనత్త పోయిందని నాయన ఫోన్ చేసేటప్పటికి నేను కడపలో కోచింగ్ క్లాసులో ఉన్నాను. "అత్త లేదు పాపా. పొద్దున మగ్గం కాడనే ఒరిగిపోయింది" అన్నాడు. గుండె ఆగిందట. బస్సు కమలాపురం దాటేదాకా నా పక్క కిటికీ అద్దం తెరుచుకోలేదు. ఉక్కకు తాళలేక నిలబడ్డాను. ఆమెకు అలా లేచే వీలు కూడా ఉండేది కాదని అప్పుడు గుర్తొచ్చింది.

మాది నేత ఇల్లు. నేలలో గుంత తవ్వి, కాళ్లు అందులోకి దించి నేసే గుంట మగ్గం మాది. అత్త నడుము కొయ్యలా బిగుసుకుపోయింది. ఒకరు చెయ్యి అందిస్తేనే పైకి వచ్చేది. ఆ చెయ్యి నాది. డిగ్రీ పూర్తయినా ఇల్లు దాటలేక చిర్రుబుర్రులాడే నన్ను చూసి నవ్వేది. "నీకేం మే, నీ కాళ్లు పైనే ఉండాయి. పో, యాడికైనా పో!"

ఆమెకు ఒక్కటే ఆశ. ఒంటిమిట్ట రాములోరి కల్యాణానికి మా వీధివాళ్లు వంతులేసుకుని తెల్లపంచె నేసి పంపుతారు. మా వంతు వచ్చిన ఏడు తను నేయాలని. ఇంట్లో ఆ పని మాత్రం ఆమెకు ఇచ్చేవారు కాదు. ఆమె చెమట తగిలిన తెల్లనూలు అప్పటికి బాగానే ఉండేది, సాయంత్రానికి గోధుమరంగు మరక తేలేది. నూలుకు రంగులద్దేదీ ఆమే.

"అద్దకం చేతులు కడుక్కోకుండా దేవుడి పడుగు ముట్టుకుంటావా?" అని మా అవ్వ తిట్టేది. అత్త చింతపండుతో తోలు లేచేదాకా తోముకునేది. నేతవాళ్లం కదా, మరక కనిపిస్తే మాకు రంగే గుర్తొస్తుంది. ఒంట్లోంచి రావచ్చని ఎవరికీ తట్టలేదు. ఆమె చెవితమ్మెలు నీలంగా మారినా అద్దకం రంగే అనుకున్నాం. "నా చెవులకు నేరేడుపండ్లు కాసినాయి" అని ఆమే నవ్వించేది. చివరికి ఆమె మగ్గానికి ముదురు రంగులే మిగిలాయి.

తర్వాత కుడిభుజం పైకి లేవడం మానేసింది. పేక పోగును అటూ ఇటూ నడిపే నాడె తాడు లాగే చెయ్యి అదే. కర్నూలు ఆసుపత్రిలో భుజం కీలు తీసి కొత్తది పెట్టారు. డాక్టరు బయటికొచ్చి, "లోపల కీలు బొగ్గులా నల్లగా ఉంది. ఇది ఆల్కాప్టోన్యూరియా, పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు. శరీరం అరిగించుకోలేని ఒక పదార్థం కీళ్లలో పేరుకుని నల్లబడుతుంది. చెమటలోనూ వస్తుంది" అన్నాడు.

"అంటే... అద్దకం రంగు కాదా సార్?" అని అడిగాను.

"రంగుకూ దీనికీ సంబంధం లేదు."

నాయన తల ఎత్తలేదు.

మెలకువ వచ్చాక అత్తకు చెప్పాను. "ఎముకలు గూడా రంగు తొట్లో ముంచినానా నేను?" అని నవ్వింది. కాసేపటికి గోడవైపు తల తిప్పుకుని, "మీ అవ్వ ఇనింటే బాగుండు" అంది. అవ్వ పోయి చాలాకాలమైంది.

ఈ ఏడు మా వంతు. నాయన తనే ఆమె మగ్గానికి తెల్ల పడుగు ఎక్కించాడు. నొప్పి తగ్గింది, చెయ్యెత్తి కొప్పులో పూలు పెట్టుకోగలిగింది. తాడు మాత్రం లాగకూడదన్నారు, కీలు ఊడుతుందట. "కొత్త చెయ్యి ఇచ్చి పని చేయొద్దంటారు. ఇదేం బేరం మే!" ఎడమచేత్తో లాగడం మొదలుపెట్టింది. అదీ నొప్పే.

"వద్దక్కా, పైకి రా" అని నాయన బతిమాలాడు.

"ఇన్నేండ్లు నువ్వు వద్దంటే మానుకుంటి. ఇంగ మానుకోను పో."

రోజుకు కొంచెం, చెమట తగలకుండా తుడుచుకుంటూ. నేను కడపకు బయలుదేరేటప్పటికి జానెడు కూడా కాలేదు. అయినా నన్ను ఆగనివ్వలేదు.

నేను ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆమెను వరండాలో పడుకోబెట్టారు. లోపల మగ్గం మీద పంచె మచ్చ లేకుండా ఉంది. ఆమెను సాగనంపి, స్నానాలు చేసి వచ్చాక పక్కింటి మామ మగ్గం దగ్గర వంగి చూశాడు.

"అంచు కాడ మరక తేలింది బావా. ఆ ముక్క కోసేస్తే మిగతాది నేను నేసిస్తాలే."

"కోయొద్దు" అన్నాడు నాయన.

దీపం దగ్గరగా పట్టి చూశాను. అత్త ఒరిగినప్పుడు ఎడమ మోచెయ్యి ఆనిన చోట, రూపాయి బిళ్లంత. నేను చూస్తుండగానే ఇంకాస్త ముదురుతున్నట్టుంది.