భీమరాజు నోరు కట్టేసిన కొబ్బరి డొక్కలు

రావులపాలెం అరటి మార్కెట్లో భీమరాజు పాట మొదలుపెడితే గౌతమి అవతల జొన్నాడలో కాకులు లేచేవి. నమ్మనివాళ్ళు జొన్నాడ వెళ్ళి ఆ కాకుల్నే అడగొచ్చు. పాటంటే సంగీతం కాదు, గెలల వేలం. తెల్లారేసరికి రైతులు సైకిళ్ళకి అటూ ఇటూ గెలలు కట్టుకుని దిగుతారు. భీమరాజు తలకి తువ్వాలు చుట్టి, గెల మీద ఒక్క చరుపు చరిచి, "కర్పూర! వెన్నముద్దలాంటి కర్పూర! ఎవరండీ? ఎవరండీ?" అన్నాడంటే, కొనే ఉద్దేశం లేనివాడి చెయ్యి కూడా దానంతటదే లేచేది. ఒకసారి హైవే మీద పోతున్న లారీ డ్రైవరు ఆ కేక విని, వెనక పెద్ద బండేదో హారన్ కొడుతోందనుకుని పక్కకి తప్పుకున్నాడు. ఆ బండి ఇప్పటిదాకా రాలేదు.

అలాంటి గొంతు వినాయక చవితి ముందురోజు, మార్కెట్ కిటకిటలాడుతుండగా, చక్రకేళి గెల మీద చెయ్యేసి నోరు తెరిచేసరికి పోయింది. పంక్చరు పడ్డ సైకిల్ ట్యూబు చప్పుడు లాంటిదొకటి బయటికొచ్చింది. రైతు పాపం వంగి తన సైకిల్ చక్రం చూసుకున్నాడు.

రాజమండ్రి డాక్టరు గొంతులోకి కెమెరా పంపి చూశాడు. "అరిచి అరిచి లోపల కాయలు కాయించుకున్నారు. దసరా దాకా ఒక్క మాట కూడా వద్దు. గుసగుస కూడా వద్దు. బీపీ ఉంది కాబట్టి రోజూ నడవండి. నోరు మూసుకుంటే కార్తీకమాసం గిరాకీకి మీ గొంతు మీకొస్తుంది. లేదా, ఇక మార్కెట్ సంగతి మర్చిపోవడమే."

భీమరాజు ఇంటిదారి పట్టాడు. ఇటు చూస్తే మార్కెట్లో తన స్థానంలో త్రిమూర్తులు పాడుతున్నాడు. త్రిమూర్తులు పాటంటే పిల్లాడికి జోల పాడినట్టుంటుంది, కొనేవాళ్ళు ఆవులిస్తున్నారని కబురు.

నడక మొదటిరోజే చిక్కొచ్చింది. మన వైపు రోడ్డు మీద ఎదురైన మనిషిని పలకరించకపోతే ఎదుటివాడు భోజనం మానేస్తాడు. పలకరిస్తే బదులివ్వకపోతే ఊరే భోజనం మానేస్తుంది.

"ఏమండీ భీమరాజు గారూ, కర్పూర ఎలా ఉందండీ?"

"ఆయ్, బాగుందండీ," అనేశాడు భీమరాజు.

ఇంటికొచ్చేసరికి ఉన్న పంక్చరు కాస్తా పెద్దదైంది. మర్నాడు భార్య సూర్యకళ అట్టముక్క మీద "నేను మాట్లాడకూడదు" అని రాసి ఆయన మెడలో వేసింది. అది చూసి ఎదురైన ప్రతివాడూ ఆగి, "అయ్యయ్యో, ఎందుకండీ మాట్లాడకూడదూ?" అని అడగడం, పాపం అంత ఆప్యాయంగా అడిగారు కదా అని ఈయన మొదట్నించీ వివరంగా చెప్పడం. సూర్యకళ తల పట్టుకుంది.

ఎదురింటి అరుగు మీంచి హెలెన్ టీచరు ఇదంతా చూసింది. భీమరాజుకి ఒకటో క్లాసు చెప్పింది ఆవిడే. కాన్వెంటులో పనిచేసినన్నాళ్ళూ ఎంతోమంది అల్లరి పిల్లల్ని దారికి తెచ్చింది గానీ, భీమరాజు నోరు మాత్రం మూయించలేకపోయింది. రిటైరైనా ఆ వెలితి అలాగే ఉండిపోయింది.

"ఒరేయ్ భీమరాజూ, రేపు మా తోటలోకి రా. నీ సంగతి నేను చూస్తాను," అంది.

టీచరు గారి పెరట్లో కొబ్బరితోట. చెట్ల మధ్య ఖాళీలో, నెత్తిన కాయ పడని చోట, ఆవిడ కాయ వలిచేసిన కొబ్బరి డొక్కలు వరసగా పేర్పించింది. ముగ్గుపిండితో గీస్తే వానకి పోతుందని డొక్కలు. ఒకదాని లోపల ఒకటిగా చుట్లు. వాటి మధ్య ఒక్క మనిషి పట్టేంత దారి. అది కాసేపు నడిమధ్యకి దగ్గరయినట్టే అయ్యి, మళ్ళీ వెలుపలికి తిరిగి, మెలికలు పోయి, చివరికి మధ్యలో ఉన్న పీట దగ్గర ఆగుతుంది.

సూర్యకళ భయపడింది. "పద్మవ్యూహమా టీచరు గారూ? లోపలికెళ్తే బయటికి రాగలరా అండీ?"

"ఇందులో దారి తప్పడానికి వీల్లేదమ్మా. అడ్డదారుల్లేవు, మూసుకుపోయిన సందుల్లేవు. వెళ్ళిన దారినే రావాలి. లాబరింత్ అంటారు. బెంగుళూరులో కాన్వెంటు మదర్స్ కోసం ఉన్న ఆశ్రమంలో చూశాను, మనసు నెమ్మదించడానికి నడుస్తారు. షరతులు రెండే. మాట్లాడకూడదు, డొక్కలు దాటకూడదు."

భీమరాజు నడవడం మొదలుపెట్టాడు. కాళ్ళు నడుస్తున్నాయి గానీ తలలో వేలం ఆగలేదు. ఎడమపక్క డొక్కలన్నీ త్రిమూర్తులు చవగ్గా అమ్మేస్తున్నట్టు, కుడిపక్కవి తను ధర నిలబెట్టి పాడుతున్నట్టు. పీట దాకా వెళ్ళేసరికి తోటంతా అమ్మేశాడు. అమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు పీట మీద కూర్చుంటే ఎక్కడో సన్నగా పాట వినిపించింది. చాలా బాగుంది. ఎవరా అని చెవి ఒగ్గాడు. రోడ్డవతల తమ ఇంటి అరుగు మీద సూర్యకళ బియ్యం చెరుగుతూ కూనిరాగం తీస్తోంది.

పెళ్ళయి కూతురికి కూడా పెళ్ళి చేశాక, తన పెళ్ళాం పాడుతుందని భీమరాజుకి ఆ రోజే తెలిసింది. ఆవిడ ఎప్పుడూ పాడుతూనే ఉంది. ఈయన గొంతు అడ్డొచ్చింది.

ఆ తరవాత పిలవకుండానే పొద్దున్నా సాయంత్రం వెళ్ళేవాడు. బీపీ దిగింది. ఆ మాట పాకి మార్కెట్ మార్కెట్టంతా తోటకి రావడం మొదలుపెట్టింది. ఎవరో పీటకి పసుపు రాశారు. ఎవరో పక్కన చక్రకేళి పళ్ళు ఒక అత్తం పెట్టారు. "దేవుడికి అభ్యంతరం లేనప్పుడు నాకేంటి," అని హెలెన్ టీచరు ఆ పళ్ళు అందరికీ పంచేసింది.

దసరా ముందురోజు సాయంత్రం జరిగింది అసలు సంగతి. లోపల్నించి వచ్చే వరసకి ముందు భీమరాజు. బయటనించి వెళ్ళే వరసకి ముందు త్రిమూర్తులు, మార్కెట్ బాధ పడలేక మనశ్శాంతి కోసం వచ్చాడు. సరిగ్గా మెలిక దగ్గర ఎదురుబొదురయ్యారు. దారి ఒక్కళ్ళకే.

"ముందు మీరు రండి గురువు గారూ," షరతు మర్చిపోయి చేతులు కట్టుకున్నాడు త్రిమూర్తులు.

భీమరాజు కాదు, ముందు నువ్వే అన్నట్టు చెయ్యి చూపించాడు.

"అబ్బే, ఎంతమాటండీ! మీరుండగా నేనా!"

వెనకవాళ్ళు కూడా మొదలుపెట్టారు. "మీరు వెళ్ళండి." "అయ్యో, పెద్దవారు, మీరు." పసుపు రాసిన చోటు కదా, డొక్కలు దాటే ధైర్యం ఎవరికీ లేదు. వెనక్కి తిరిగితే ఎదుటివారికి వీపు చూపించినట్టవుతుందని అదీ చెయ్యలేదు. మర్యాద గట్టిగా బిగుసుకుపోయింది. ఆ రెండు వరసలూ తెల్లారేదాకా అలాగే నిలబడేవే.

"ఒక్క కేక వెయ్యండి భీమరాజు గారూ! అంతా సర్దుకుంటాం!" అరిచారెవరో.

"ఒక్కటేనండీ! ఒక్క కేకకి ఏమవుతుంది?"

కేక గొంతు దాకా వచ్చింది. ఛాతీ పొంగింది. తోట గట్టు మీద హెలెన్ టీచరు కళ్ళజోడు సర్దుకుంది. ఆవిడ పక్కనే సూర్యకళ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

భీమరాజు నోరు మూసి, తలకి చుట్టిన తువ్వాలు విప్పాడు. గాల్లో ఒక్క తిప్పు తిప్పాడు. వేలంలో ఆ తిప్పుకి పాట ఖాయమైందని అర్థం. మార్కెట్ జనం కదా, ఠక్కున నోళ్ళు మూశారు. అప్పుడు త్రిమూర్తుల్ని రెండు భుజాలూ పట్టుకుని, దగ్గరికి లాక్కుని, గిర్రున అరచుట్టు తిరిగాడు. ఇతను అటు, అతను ఇటు. మళ్ళీ తువ్వాలు తిప్పాడు. వెనకున్న జంట పట్టుకుని తిరిగింది. ఆ వెనకది తిరిగింది. కోలాటంలాగా తోటంతా గిరగిరా తిరిగింది. ఒక్క డొక్క కదల్లేదు, ఒక్క మాట లేవలేదు. తిరుగుతూ తిరుగుతూ నవ్వాపుకోలేక చచ్చారు.

మర్నాడు డాక్టరు కెమెరా తీసి, "శుభ్రంగా ఉంది. మాట్లాడండి," అన్నాడు.

భీమరాజు తలూపి ఊరుకున్నాడు. బస్సులోనూ నోరు విప్పలేదు. గౌతమి వంతెన మీదికొచ్చేసరికి సూర్యకళకి కంగారు పుట్టింది.

"ఏంటండీ, గొంతు రాలేదా? ఏదో ఒకటి అనండి, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు!"

భీమరాజు ఆవిడ వైపు తిరిగి, జొన్నాడ కాకులకి కూడా వినపడనంత మెల్లగా అన్నాడు.

"ముందు నువ్వు చెప్పు. నేను తరవాత."