కంచె లోపల మా మొక్కలు

కంచరపాలెంలో నా కుట్టుమిషన్ షాపు ఎదురుగా, రోడ్డుకీ రైలు పట్టాలకీ మధ్య ఓ ఖాళీ జాగా ఉండేది. గవర్నమెంటుది అనేవారు. ఏ డిపార్టుమెంటుదని అడిగితే మాత్రం తలో మాట చెప్పేవారు. వీధిలో చెత్తంతా అక్కడికే చేరేది. పగిలిన వాష్ బేసిన్లు, తాగేసిన కొబ్బరి బొండాలు, పిల్లల డైపర్లు. వానలు పడితే ఆ కంపుకి, జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడేవారు.

అక్కడ మొదట పలుగు పట్టింది మా మేడ మీద అద్దెకుండే బాబాయి గారు. గోదావరి జిల్లా మనిషి. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. క్వార్టర్‌లో ఉన్నన్నాళ్ళూ పెరడు పెంచిన మనిషి, అది ఖాళీ చేసి వచ్చాక చెయ్యి పెట్టడానికి గుప్పెడు మట్టి లేక గిలగిల్లాడిపోయారు. ఆయనొక్కరూ ఎండలో తవ్వుతుంటే చూడలేక, టిఫిన్ బండి పెట్టుకునే అప్ప తన పనయ్యాక వెళ్ళి చెత్త ఎత్తింది. ఆవిడది శ్రీకాకుళం దగ్గర పల్లె. వాళ్ళిద్దరూ చేస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోలేక నేనూ వెళ్ళాను. నిజం చెప్పాలంటే, మొహమాటానికి వెళ్ళాను.

"ఆఫీసులో ఓ మాట చెప్పి మొక్కలు వేద్దామా అమ్మా?" అన్నారు బాబాయి గారు.

"అడిగితే వొద్దంతారు. వొద్దన్నాక ఏత్తే తప్పవుద్ది. అడక్కండా ఏసేద్దుం," అంది అప్ప.

అలాగే వేసేశాం. మందార, నందివర్ధనం, మునగ, పాత గోడ మీదకి బీరపాదు. బాబాయి గారు వాళ్ళ ఊరి నుంచి సపోటా అంటు తెచ్చారు. వేరుకి తడిగోనె చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. రెండేళ్ళలో ఆ జాగా మారిపోయింది. చెత్త వెయ్యడానికి వచ్చినవాళ్ళు కూడా మొక్కల్ని చూసి, సంచీ పట్టుకుని వెనక్కి తిరిగేవారు. పొద్దున్నే నీళ్ళు పోసి వచ్చి మిషన్ మీద కూర్చుంటే ఆ రోజంతా నాకు నడుంనొప్పి తెలిసేది కాదు. ఎప్పుడు మొహమాటం పోయి ఇష్టం వచ్చిందో నాకే తెలీదు.

మార్చి నెలలో ఓ పొద్దున్న వ్యాను దిగింది. ఇనప స్తంభాలు, వైరు మెష్షు, బోర్డు. ఆక్రమించినవారు శిక్షార్హులని ఎర్ర అక్షరాలు. దాంతో వచ్చిన సూపర్‌వైజర్ కుర్రతనం పోని మనిషి, మర్యాదగానే మాట్లాడాడు.

"మేం ఆక్రమించలేదు బాబూ. మొక్కలకి నీళ్ళు పోసుకుంటున్నాం, అంతే," అన్నారు బాబాయి గారు.

"పర్మిషన్ ఉందాండీ?"

"లేదు."

"మరి నన్నేం చెయ్యమంటారు సార్?"

మధ్యాహ్నానికి కంచె లేచి, గేటుకి తాళం పడింది.

నేనూ బాబాయి గారూ ఓ ఆఫీసుకి వెళ్ళాం. వాళ్ళు ఇంకో ఆఫీసుకి వెళ్ళమన్నారు. అక్కడ ఇచ్చిన కాగితంలో, స్థలంతో మీకున్న సంబంధం ఏమిటి అని ఒక గడి ఉంది. బాబాయి గారు పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. మొక్కలు వేశామని రాయబోతే క్లర్కే ఆపింది.

"అలా రాయకండి పెద్దాయనా. మీరే ఒప్పుకున్నట్టవుతుంది. రేపు కేసంటే ఎవరు తిరుగుతారు?"

ఆవిడ మా మంచికే చెప్పింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఎండలు ముదిరాయి. బయట నిలబడి చెంబుతో విసిరితే నీళ్ళు మొదటి వరసకే అందేవి. కాపలాకి పెట్టినాయన ముసలివాడు, విజయనగరం అవతల పల్లెలో వ్యవసాయం మానేసి వచ్చినవాడు. మొక్క ఎండిపోతుంటే ఆయనకీ ప్రాణం ఒప్పలేదు. రెండ్రోజులు అప్ప ఇచ్చిన బకెట్లతో లోపల తడిపాడు. మూడోరోజు బకెట్ అందుకోలేదు.

"ఏటయ్యింది మావా?" అంది అప్ప.

"పొద్దున్నా సాయంత్రం జాగా ఫొటో తీసి పంపాలమ్మా. ఫొటోలో నేల తడి కనపడిపోనాది. ఎవుల్ని రానిత్తన్నావని తిట్టారు. నానేటి సేత్తాను? ఈ పని పోతే నాకు ఇంకేటీ నేదు."

ఆయన మీద మాకు కోపం రాలేదు. ఆయన్ని తిట్టినవాళ్ళ మీద కోపం పెట్టుకోవడానికైనా ఎదురుగా ఓ మనిషి ఉండాలి కదా. ఆ రోజు నుంచి ఆయన కుర్చీని మొక్కలకి వీపు పెట్టి, రోడ్డు వైపుకి తిప్పేసుకున్నాడు.

బీరపాదు నాలుగు రోజుల్లోనే ఎండిపోయింది. మందారలు ముడుచుకున్నాయి. షాపులో కూర్చుంటే అన్నీ నాకు ఎదురుగానే కనపడేవి. తల వంచుకుని కుట్టుకునేదాన్ని. సపోటా బాగా లోపల ఉండేది. బాబాయి గారికి శుక్లాలు, అంత దూరం కంటికి ఆనదు. రోజూ కంచె పట్టుకుని నిలబడి నన్ను పిలిచేవారు.

"ఆకు ఉందా అమ్మా?"

"ఉందండీ."

ఆకు రాలిపోయాక కూడా వారం రోజులు ఉందండీ అనే చెప్పాను. తర్వాత ఆయన అడగడం మానేశారు. కంచె దగ్గరికి రావడమూ మానేశారు. తెలిసే మానేశారో, మెట్లు దిగలేక మానేశారో నేను అడగలేదు.

ఇది జరిగి రెండేళ్ళయింది. ఆ జాగాలో ఇంతవరకూ ఒక ఇటుక పడలేదు. కాపలా కూడా తీసేశారు. జనం మళ్ళీ చెత్త వేస్తున్నారు. ఇప్పుడు కంచె మీంచి విసురుతున్నారు, కొన్ని కవర్లు మెష్షుకి తగులుకుని గాలికి ఊగుతుంటాయి. కంచె లోపలుంది కాబట్టి చెత్త తీసే మునిసిపాలిటీ వాళ్ళు కూడా అది మాది కాదంటారు.

మొన్న అప్ప షాపుకొచ్చి కూర్చుంది.

"కల్వర్టు కాడ కూసింత జాగా ఉంది. నువ్వు చూసినావా?"

నేను మిషన్ తొక్కుతూ ఉండిపోయాను. ఆవిడ చీర ఫాల్ ఎప్పుడు ఇస్తావని అడిగి వెళ్ళిపోయింది.