ఒక్క గుడి వల్ల పుట్టిన పిల్లి

మా పెద్దమ్మ ముప్పై నాలుగేళ్లు ఒకే ప్రెస్సులో ప్రూఫులు చూసింది. పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు అక్షరం అక్షరం చదివి తప్పులు దిద్దడం ఆవిడ పని. ఆవిడ దాన్ని ఉద్యోగం అనేది. మేం జబ్బు అనేవాళ్లం. మందు డబ్బాలో మడిచి పెట్టే కాగితాన్ని కూడా ఎర్ర కలంతో దిద్దితేగానీ మాత్ర మింగేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఎవరో ఒకాయన ప్రేమలేఖ రాశాడనీ, ఈవిడ దాన్ని దిద్ది వెనక్కి పంపితే మనిషి మళ్లీ ఆ వీధిలో కనిపించలేదనీ మా అమ్మ చెబుతుంది. పెద్దమ్మ ఆ కథ అబద్ధమని ఏనాడూ అనలేదు. అమ్మ తొమ్మిది తప్పులని చెబితే మాత్రం, కాదు పదకొండు అని సవరించేది.

ప్రెస్సు వాళ్లు ఆ పనిని కంప్యూటరుకు అప్పగించాక ఆవిడ పదవీ విరమణ చేసి మా ఇంట్లో, వంటగది పక్క గదిలో చేరింది. వెంట వాలుబల్ల, భూతద్దం, ఒక అలమర పుస్తకాలు వచ్చాయి. ఆ అలమరలో పై అర మొత్తం ఒకే నవల. తొమ్మిది భాగాలు. భూమి వదిలి ఇంకో నక్షత్రానికి బయల్దేరిన ఓడ, అందులో ఆరుగురు మనుషులు, వాళ్ల కష్టాలు. రాసినాయన పోయి చాలా ఏళ్లయింది. తొమ్మిది భాగాలకూ ప్రూఫులు చూసింది మా పెద్దమ్మే.

ఆ కథ గురించి మాట్లాడాలని ఆవిడకు మహా తహతహ. వినే నాథుడు లేడు. అన్నం దగ్గర కూర్చుని "ఆ ఏడో భాగంలో ఉంది చూడవే" అని మొదలుపెట్టేది. అమ్మ వెంటనే "కూర చల్లారిపోతోంది" అనేది. నేను ఫోను చూసుకునేదాన్ని. క్రమంగా ఆవిడ మాట్లాడటం తగ్గించింది. మాకు హాయిగానే ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి నడుం నొప్పితో ఒక సిటీ బస్సు డ్రైవరు వచ్చేవాడు. యాభై ఏళ్లుంటాయి, గట్టి మనిషి. మంచం మీద బోర్లా పడుకుని, నేను వెన్ను నొక్కుతుంటే, ఇంకో గెలాక్సీలో బతకడం ఎలాగో చెప్పేవాడు. ఒకరోజు వెళ్తూ వెళ్తూ ఒక కరపత్రం ఇచ్చాడు. సైన్స్ ఫిక్షన్ అభిమానుల వార్షిక మహాసభట. అందులో పెద్దమ్మ అలమరలోని నవల పేరు కనిపించింది. తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

రాననే అంది. ముసలితనంలో ఆ వేషగాళ్ల మధ్య నాకేం పని అంది. అరగంట తర్వాత గదిలోంచి బయటికొచ్చింది. కరపత్రం నిండా ఎర్ర గాట్లు.

"అందరూ అహ్వానితులేనట. ఆకి దీర్ఘం లేదు. అంటే ఎవర్నీ పిలవలేదనే గదా అర్థం? ఇది వాళ్ల చేతికిచ్చి రావాలి, పద."

అలా, పిలవని పేరంటానికి దెబ్బలాడటానికి బయల్దేరింది మా పెద్దమ్మ.

సభ ఒక హోటలు నేలమాళిగలో. పక్కపక్కనే రెండు హాళ్లు. మేం తలుపు తీసిన హాల్లో ఒకే రంగు టైలు కట్టుకున్న రెండొందల మంది చేతులు పైకెత్తి, కళ్లు మూసుకుని, నేను సాధిస్తాను అని ఒకే గొంతుతో అరుస్తున్నారు. వెనక వరుసలో కూర్చున్నాం. వేరే గ్రహం వాళ్ల వేషాలు బాగానే కట్టారని పెద్దమ్మ మెచ్చుకుంది. పది నిమిషాలయ్యాక తెలిసింది, అది బీమా ఏజెంట్ల శిక్షణ శిబిరం.

అసలు హాల్లో జనం అంతకంటే మామూలుగా ఉన్నారు. కొందరు మొహాలకు ఆకుపచ్చ రంగు పూసుకున్నారు, ఒకాయన వాషింగ్ మెషీన్ గొట్టాన్ని తొండంలా తగిలించుకున్నాడు. కానీ ఎవరూ అరవడం లేదు. గొట్టం ఆయన దాన్ని పక్కకి తోసుకుని తీరిగ్గా కాఫీ తాగుతున్నాడు. గుమ్మం దగ్గర పేర్లు రాసుకుంటున్నావిడ ఒక లెక్కల టీచరు. నలభై అయిదేళ్ల మనిషి నీలం రంగు విగ్గు పెట్టుకుని పిల్లల హాజరు తీసుకున్నంత కచ్చితంగా కూర్చుని ఉంది. పెద్దమ్మ కరపత్రం ఆవిడ ముందు పెట్టి, పంతొమ్మిది తప్పులు అంది. ఇక మొదలవుతుంది రా యుద్ధం అనుకుని నేను ఒకడుగు వెనక్కి వేశాను.

టీచరు కరపత్రం అటూ ఇటూ తిప్పింది. తర్వాత లోపలికి తిరిగి కేకేసింది.

"ఇటు రండి. మన కరపత్రాన్ని ఎవరో నిజంగా చదివారు."

నలుగురైదుగురు పరుగున వచ్చారు. పెద్దమ్మను దేవతను చూసినట్టు చూశారు. దెబ్బలాటకు తెచ్చుకున్న సరుకంతా వృథా అయిపోయింది. ఈలోగా ఎవరో కుర్చీ వేశారు, ఎవరో కాఫీ తెచ్చారు.

మధ్యాహ్నం చర్చ. వేదిక మీద మా బస్సు డ్రైవరు, వెండి రంగు అంగీలో, నడుముకు నేనిచ్చిన బెల్టుతో. ఎదురుగా నీలం విగ్గు టీచరు. వెనక గుడ్డ మీద 'పిల్లి సమస్య: ఇరవై రెండేళ్లు' అని రాసుంది. కొత్తవాళ్ల కోసం డ్రైవరు సంగతి వివరించాడు. ఏడో భాగం చివర ఓడలో గాలి అయిపోతుంది. మిగతావాళ్లు బతకాలంటే వెనక గదులు మూసేయాలి. కెప్టెన్ మీట మీద చెయ్యేసి వెనక్కి తిరిగి చూస్తాడు. అక్కడ ఒక వాక్యం: పిల్లి తలుపు దగ్గరే కూర్చుని ఉంది. అంతటితో భాగం సరి. ఎనిమిదో భాగం మూడేళ్ల తర్వాత మొదలవుతుంది. కెప్టెన్ ఆ మూడేళ్లూ ఎవరితోనూ నోరు విప్పలేదు.

ఆ పిల్లి ముందు ఎక్కడా లేదు, తర్వాతా లేదు. ఎక్కడి నుంచి వచ్చినట్టు? వేరే గ్రహం గూఢచారి అని డ్రైవరు వర్గం. అది కెప్టెన్ భ్రమ, పిల్లీ లేదు గిల్లీ లేదని టీచరు వర్గం. ఈ గొడవలో రెండు నిశ్చితార్థాలు రద్దయ్యాయట. చాలాకాలం కిందట ఎవరో అమాయకుడు లేచి అచ్చుతప్పేమో అన్నాడట. అందరూ కలిసి అతణ్ని కూర్చోబెట్టారు.

"ఆ ప్రెస్సులో అచ్చుతప్పా?" అన్నాడు డ్రైవరు నవ్వుతూ. "అక్కడ ప్రూఫులు చూసేది మనిషి కాదు, రాక్షసి అనేవాళ్లు."

పక్కన పెద్దమ్మ కూడా నవ్వింది. తర్వాత లేచి నిలబడి, తరగతిలో పిల్లవాడి ఉచ్చారణ దిద్దినట్టు, నిదానంగా అంది.

"పిల్లేమిటి నాయనా? పిల్ల. పిల్ల తలుపు దగ్గరే కూర్చుని ఉంది."

హాలు ఆవిడ వైపు తిరిగింది. టీచరు వేదిక దిగి వచ్చి తన పుస్తకం తెరిచి ఆవిడ చేతిలో పెట్టింది. పెద్దమ్మ సంచిలోంచి భూతద్దం తీసింది. చదివింది. మళ్లీ చదివింది. లకారం కింద ఒత్తు, నెత్తిన గుడి. పిల్లి.

ఆ తర్వాత ఆవిడ చెప్పింది నాకూ కొత్తే. రచయిత చేతిరాత ప్రతి ఆవిడ దగ్గరే ఉండేది. అందులో ఉన్నది పిల్ల. కెప్టెన్ కూతురు, ఓడలోనే పుట్టిన ఏడేళ్ల పిల్ల. కంపోజ్ చేసినతను పొరపాటున గుడి పెట్టాడు. దాన్ని పట్టుకోవలసింది ఈవిడ.

"మీరెలా వదిలేశారండీ?" అంది టీచరు. నిందలా లేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఆ పేజీలో నేను ప్రూఫు చూళ్లేదమ్మా. పిల్ల ఏమవుతుందో అని గుండె దడదడలాడుతుంటే కథ చదువుకుంటూ పోయాను. ఉద్యోగంలో అలా చదివింది ఆ ఒక్క పేజీయే. తర్వాత కూడా ఎన్నిసార్లు చదివానో, ప్రతిసారీ నాకు పిల్లగానే కనబడింది. ఉండకూడని చోట గుడి ఉంటే చూసుకోలేదు. మీరేమో అందులో ఇరవై రెండేళ్లుగా పూజలు చేస్తున్నారు."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. ఎందుకంటే అప్పటికి లెక్క అందరికీ తేలుతోంది. ఎనిమిదో భాగం నుంచి కూతురి ప్రస్తావనే లేదు. రచయిత మరిచిపోయాడనుకున్నారు ఇన్నాళ్లూ. ఒక పిల్లి కోసం మూడేళ్లు నోరు మూసుకున్న కెప్టెన్ మీద జోకులు వేసుకున్నారు. ఆ జోకులు అచ్చేసిన చొక్కాలు హాల్లో పదిమంది ఒంటి మీద ఉన్నాయి. గొట్టం ఆయన గొట్టం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. డ్రైవరు వేదిక అంచున కూలబడ్డాడు. నడుం నొప్పి అనుకుని నేను దగ్గరికి పోయాను. ఏడుస్తున్నాడు.

"అయితే ఆయన మీట నొక్కాడా?" అన్నాడు. "పిల్ల అక్కడుండగానే?"

"తలుపుకి ఏ పక్క కూర్చుందో రాయలేదయ్యా," అంది పెద్దమ్మ. "నేను అదే అడగాలనుకున్నాను. ఆయన ప్రెస్సుకి వచ్చినప్పుడల్లా నోటిదాకా వచ్చేది. ప్రూఫులు చూసేదానివి, నీకెందుకంటాడేమోనని ఊరుకున్నాను."

ఇరవై రెండేళ్ల వాదంలో గెలిచిన టీచరు మొహంలో గెలిచిన కళ లేదు. పిల్లి లేదని తేలింది, సరే, ఇంతకంటే ఉంటేనే బాగుండేదేమో అని గొణిగింది. డ్రైవరు కళ్లు తుడుచుకుని, పిల్లినే ఉంచుదాం, పిల్లి అయితే ఎక్కడో సందు చూసుకుని బయటపడుతుంది అన్నాడు. అచ్చయిందే ప్రమాణమని అతని వర్గం లేచింది. చేతిరాతే ప్రమాణమని ఇంకో వర్గం అప్పటికప్పుడు పుట్టింది. బీమా వాళ్లు గోడ మీద కొట్టి నెమ్మదిగా మాట్లాడుకోమన్నారు.

చివరికి దారి చూపింది పెద్దమ్మే. కాగితం మీద ఒక వాక్యం రాసి వేదిక మీదికి పంపింది: తలుపు దగ్గర కూర్చుని ఉన్నది పిల్లే. పిల్ల అనుకునేవాళ్లు పిల్ల అని చదువుకోవచ్చు, పిల్లి అనుకునేవాళ్లు పిల్లి అని. సంధి కుదిరాక లోపల ఎవరున్నారో వ్యాకరణం కూడా చెప్పలేదు. చేతులెత్తి ఓటు వేశారు. ఇద్దరు తప్ప అంతా ఒప్పుకున్నారు. ఆ ఇద్దరూ ఏ సంవత్సరమూ దేనికీ ఒప్పుకోరట.

సాయంత్రం ఇంటికి వెళ్దామంటే ఆవిడ కదల్లేదు. మూలబల్ల దగ్గర ఆకుపచ్చ మొహాల మధ్య కూర్చుని, ఓడలో నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చేవి, వంటమనిషి మంచివాడా దొంగా, అన్నీ తేల్చుకుంటోంది. మా భోజనాల బల్ల దగ్గర అణిచిపెట్టుకున్న మాటలన్నీ వరస కట్టి వస్తున్నాయి. మధ్యలో నా వైపు చూసి, నువ్వు పోవే, వీళ్లు దింపుతారులే అంది. ఆ రాత్రి మా పెద్దమ్మను ఇంటి ముందు దింపింది డ్యూటీ ముగించుకున్న ఖాళీ సిటీ బస్సు. ఆ సంగతి బయటికి పొక్కితే ఎవరి ఉద్యోగం పోతుందో నాకు తెలుసు కాబట్టి ఇంతకంటే చెప్పను.

అప్పటి నుంచి వాళ్ల చిన్న పత్రికకు ప్రూఫులు చూసేది ఆవిడే. నెలలో రెండో ఆదివారం అందరూ మా ఇంటికే వస్తారు. అమ్మ మొదట్లో చెప్పులు లెక్కపెట్టి నిట్టూర్చేది, ఇప్పుడు కుర్చీలు అరువు తెస్తోంది. మోకాలి ఆపరేషన్‌కి పెద్దమ్మ ఆసుపత్రిలో ఉంటే, బంధువులకే ప్రవేశం అన్న చోట గొట్టం ఆయన సందర్శకుల పుస్తకంలో 'పిల్లి తరఫు' అని రాసి లోపలికి పోయాడు. నర్సు అది ఇంటిపేరనుకుంది.

మొన్నటి నెల టీచరుకూ పెద్దమ్మకూ గట్టిగా చెడింది. తలుపు దగ్గర ఉన్నదెవరో కెప్టెన్‌కి తెలుసని ఒకరు, చీకట్లో కనబడలేదని ఒకరు. పదిహేను రోజులు మాటల్లేవు. ఆదివారం పొద్దున్నే టీచరు ఫోన్ చేస్తే అమ్మ తీసి, ఉంది గానీ మీతో మాట్లాడదట అంది. మాట్లాడక్కర్లేదు, ఊరికే విననివ్వండి అని టీచరు ఎనిమిదో భాగం తెరిచి చదవడం మొదలుపెట్టింది. అమ్మ ఫోన్ స్పీకరు పెట్టి, వంటగది గట్టు మీద ఉంచి, తన పని తాను చేసుకుంటోంది. పావుగంట గడిచాక పక్క గదిలోంచి పెద్దమ్మ గొంతు వచ్చింది.

"ఆ పేరా కాదు. దాని కిందది చదువు."