గాడిలో బండి, బడిలో పరీక్ష

ఈ రోజు ఆదివారం. మధురవాడలో ఉద్యోగం చేస్తున్న మనవరాలు శ్రావణి పొద్దున ఫోన్ చేసి, "పని బాగానే నడుస్తంది అమ్మమ్మా, కానీ స్టక్ ఇన్ ఎ రట్" అంది. అందుకే ఇది రాస్తున్నాను. దానికి టీచర్ కావాలని కోరిక. బీఎడ్ దరఖాస్తుకు బుధవారమే గడువు, ఇంకా నింపలేదు.

నా ఈడువాళ్లకు బండి గాడి గుర్తుందా? తడి మట్టి వాసన, ఇరుసు కందెన వాసన? చక్రాలు తొలిచిన ఆ లోతైన దారిలో ఎడ్లు వాటంతటవే నడిచేవి. నా ఏడో తరగతి పరీక్ష రోజున నాన్న నన్ను బండిలో ఆనందపురం బడికి తీసుకెళ్లాడు. ఎడ్లు అలవాటుగా సంత వైపు గాడి పట్టాయి.

"నాన్నా, బడి దాటిపోతంది!"

"ఏటి సేత్తానే, సక్రం గాడిలోంచి రాదు. సంత కాడ తిప్పుతాను, కూకో."

నేను కూర్చోలేదు. బండిలోంచి దూకి, పొలం గట్ల మీద పరుగెత్తి, బురద కాళ్లతోనే పరీక్ష రాశాను.

శ్రావణి అన్న ఆ ఇంగ్లీషు మాటలో రట్ అంటే ఈ గాడే. ఆగిపోవడం కాదు, సాఫీగా సాగుతూనే పక్కకు తిరగలేకపోవడం.

శ్రావణీ, ఇక జరగవలసినవి:

1. ఈ సాయంత్రమే దరఖాస్తు నింపాలి.
2. రేపు ఆఫీసులో బీఎడ్ సంగతి చెప్పాలి.
3. మంగళవారం నేను వస్తున్నాను. అప్పటికీ పంపకపోతే నీ పక్కన కూర్చుని పంపిస్తాను.