బ్రేక్ ఆయిల్ మార్చే రోజు

డ్రాయింగు మాస్టారి పాత కారు వీధి మొహం చూసేదే అరుదు. పెళ్లైన కొత్తలో భార్యాభర్తలిద్దరూ కొండలూ ఊళ్లూ తిరిగింది అందులోనే. ఇప్పుడది షెడ్డులోంచి కదలకపోయినా, ఏటా ఆయిల్ మార్చాల్సిందే. ఇంజన్ ఆయిల్, కూలెంట్ ఆయనొక్కరే మార్చుకుంటారు. బ్రేక్ ఆయిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం వంటింటి వైపు కేకేస్తారు. ఆయన చక్రం వెనక పడుకుని నట్టు వదులుచేసి పాత ఆయిల్ పోనిచ్చేటప్పుడు, ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకోవాలి.

మొన్న అల్లుడు, ఈ పని ఒక్కరే చేసుకునే పంపు తెచ్చిచ్చాడు. మాస్టారు తెగ మెచ్చుకుని అటక మీద పెట్టేశారు. ఈ ఏడూ కేక వినబడింది. "అల్లుడు పంపు తెచ్చాడుగా?" అందావిడ చేతులు తుడుచుకుంటూ. "అబ్బే, అది సరిగ్గా పనిచెయ్యదు." పెట్టెకి వేసిన టేపైనా ఊడలేదని, అటక దులిపే ఆవిడకి తెలుసు. చెప్పులు విడిచి, సీటు ముందుకు జరుపుకుని బ్రేకు మీద కాలు పెట్టింది. అద్దంలోంచి ఎదురుగా షెడ్డు గోడ. "ఎందాకా వచ్చామండీ?" చక్రం వెనక నుంచి జవాబొచ్చింది: "ఘాట్ రోడ్డు దిగుతున్నాం. గట్టిగా తొక్కి పట్టుకో."